తాడిచెట్టు – చుట్టిల్లు

పాఠ్యభాగ నేపథ్యం: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సముద్రతీర గ్రామాలలో ప్రజలు తరతరాలుగా కట్టుకొన్న గుండ్రని ఇంటికి చుట్టిల్లు అని పేరు. ఆ ఇంటికి దూలమై, వాసమై, కప్పై, పెరటికి దడియై నిలిచినది తాడిచెట్టు. ఒక ప్రాంతపు ప్రజలు తమ కళ్ళెదుట పెరిగే చెట్టును ఎంత లోతుగా ఎరిగి, దానితో ఎంత నేర్పుగా నివాసాన్ని నిర్మించుకొన్నారో ఈ పాఠ్యభాగం వివరిస్తుంది.

తెలుగువారి మాటలో తాడిచెట్టు ఎక్కినంత ఎత్తుకు మరే చెట్టూ ఎక్కలేదు. బెదిరింపులకు లొంగనివాడు తాటాకు చప్పుళ్ళకు కుందేళ్ళు బెదరవంటాడు. అహంకరించినవాణ్ణి చూసి తాడిని తన్నేవాడుంటే వాడి తలను తన్నేవాడుంటాడని పెద్దలు హెచ్చరిస్తారు. క్షణంలో భగ్గుమని క్షణంలో చల్లారే కోపం తాటాకు మంట. కూడని చోట కూర్చుంటే పాలు తాగినా కల్లు తాగినట్లే లోకం భావిస్తుందని చెప్పడానికి కూడా ఈ చెట్టు నీడే కావలసివచ్చింది. కాగితం రాకముందు మన కావ్యాలు, శాస్త్రాలు, దస్తావేజులు తాళపత్రాల మీదనే బతికాయి. భారతంలో భీష్ముని రథం మీద ఎగిరినది తాళధ్వజం. ఇంత ప్రసిద్ధమైన చెట్టును గురించి నేటి విద్యార్థికి సాధారణంగా తెలిసినవి వేసవిలో ముంజెలు, చలికాలంలో తేగలు, ఊరి చివర కల్లు మాత్రమే. అది ఇల్లు కట్టే కలప అన్న సంగతి క్రమంగా మరుగున పడుతున్నది.

ఇచ్ఛాపురం మొదలు భోగాపురం వరకు తీరం వెంబడి ప్రయాణించేవారికి పొలంగట్ల మీద, చెరువుల చుట్టూ, ఇసుకదిబ్బల వెనుక బారులు తీరిన తాళ్ళు కనిపిస్తాయి. ఈ నేలలో టేకు విస్తారంగా పెరగదు. మద్ది, వేగిస వంటి కలపకు కొండలదాకా పోవాలి. సామాన్య రైతుకు, మత్స్యకారునికి ఆ కలప అందేది కాదు. అందినది తాడి. విజయనగరం జిల్లాలో గోస్తనీ నది మీద జలాశయం వెలసిన తాటిపూడి పేరులోనూ ఈ చెట్టు వినిపిస్తుంది.

తాటి కలపను వాడాలంటే ముందు దాని స్వభావాన్ని తెలుసుకోవాలి. అమరకోశంలో అమరసింహుడు తాళాన్ని తృణరాజం అన్నాడు. కొబ్బరి, పోక, ఖర్జూరాలతో కలిపి ఈ జాతిని తృణద్రుమాలుగా లెక్కించాడు. ఆకాశాన్ని అంటే చెట్టును గడ్డితో చేర్చడం మొదట వింతగా తోస్తుంది. ప్రాచీన తమిళ వ్యాకరణమైన తొల్కాప్పియం ఈ వింతకు కారణం చెబుతుంది. వెలుపల చేవ కలది గడ్డి, లోపల చేవ కలది చెట్టు అని దాని విభజన. ఆధునిక వృక్షశాస్త్రం తాడిని గడ్డి కుటుంబంలో చేర్చదు గాని, వరి, వెదురు, తాడి మూడూ ఏకదళబీజాలే అంటుంది. టేకు, వేప వంటి చెట్లు ఏటేటా ఒక పొర చొప్పున లావెక్కుతాయి. వాటి నడిబొడ్డున చేవ ఏర్పడుతుంది. తాడికి అటువంటి వార్షిక వలయాలు లేవు. దాని బలమంతా బెరడును ఆనుకొని ఉన్న నల్లని నారల పట్టీలో ఉంటుంది. నడుమ ఉన్నది మెత్తని బెండు. చెట్టు ముదిరేకొద్దీ వెలుపలి నారల గోడలు మందమై గట్టిపడతాయి. మొదలు ఎక్కువ గట్టి, తల మెత్తన. నిఘంటుకారుడు శ్లోకంలో పొదిగిన ఈ సత్యాన్ని గొడ్డలి పట్టినవాడు చేతితో తెలుసుకొన్నాడు.

అందుకే తాడిని పనికి ఎన్నుకోవడంలో నియమాలు ఏర్పడ్డాయి. లేత తాడిని కొట్టరాదు. తాత నాటిన చెట్టును మనుమడు కొట్టాలన్నది లెక్క. అరవై, డెబ్బై ఏళ్ళు దాటి, మొదలు నల్లబడి, తట్టితే రాతివలె పలికే చెట్టు దూలానికి యోగ్యం. కొట్టిన మాను తలభాగాన్ని విడిచిపెడతారు. మిగిలిన దుంగలో ఇనుప మేకులు దిగగొట్టి నిలువునా రెండుగా చీలుస్తారు. నారలు నిట్టనిలువుగా ఉంటాయి కనుక దుంగ తిన్నగా చీలుతుంది. పెద్ద రంపంతో పనిలేదు. ఆ రెండు బద్దలలో ఒక్కొక్కదానిని మళ్ళీ చీలిస్తే వాసాలు వస్తాయి. ఇక ముఖ్యమైన పని లోపలి బెండును పూర్తిగా చెక్కివేయడం. పురుగు మొదట పట్టేది ఆ తీపి బెండునే. దానిని బద్ధకించి వదిలేసిన వాసం కొద్ది ఏళ్ళకే పొడి రాలుస్తుంది. శుభ్రంగా చెక్కినది తరం తరువాత తరాన్ని చూస్తుంది. చెక్కిన వాసాలను చెరువులోనో ఉప్పునీటి కాలువలోనో కొంతకాలం నానవేసి, నీడన ఆరబెట్టే అలవాటు కూడా ఉంది. నానినప్పుడు పురుగుకు ఆహారమైన పిండిపదార్థం నీటిలోకి దిగిపోతుంది.

ఉత్తర అమెరికా పడమటి తీరంలో, బ్రిటిష్ కొలంబియా నుండి వాషింగ్టన్ రాష్ట్రం దాకా, ఇటువంటి గౌరవమే పొందిన చెట్టు మరొకటి ఉంది. దాని పేరు వెస్టర్న్ రెడ్ సెడార్. పేరులో సెడార్ ఉన్నా అది మన హిమాలయాల దేవదారుకు దగ్గరి బంధువు కాదు. అక్కడి ఆదిమజాతుల వారు దాని పలకలతో ఉమ్మడి ఇళ్ళు కట్టుకొన్నారు. మానును తొలిచి పడవలు చేసుకొన్నారు. లోపలి బెరడు నారతో చాపలు, బుట్టలు, వస్త్రాలు అల్లుకొన్నారు. నిలిచి ఉన్న చెట్టునుండే, దానిని చంపకుండా పలకలు చీల్చుకొనే నేర్పు వారిది. 1988లో బ్రిటిష్ కొలంబియా దానిని తన అధికారిక వృక్షంగా ప్రకటించింది. ఆ కలపలో సహజంగానే శిలీంధ్రాన్ని అడ్డుకొనే రసాయనాలు ఉన్నాయి. ఎండకు వానకు అది అంతగా వంకరపోదు. బరువు ఘనపు మీటరుకు దాదాపు 370 కిలోలే. అందుచేత ఇంటి వెలుపలి పలకలకు, కప్పు పెంకులకు, తోటలోని కంచెలకు, పందిళ్ళకు ప్రపంచమంతా దానిని కోరుతుంది. నేడు అది కెనడా నుండి ఓడలలో మన నగరాల దాకా వస్తున్నది. తాటి కలప దానికి పూర్తిగా భిన్నం. ఇది బరువైనది, కఠినమైనది, మేకు సులభంగా దిగనిది. దీనికి రక్షణ రసాయనంలో లేదు, వెలుపలి నారల దట్టదనంలో ఉంది. ఆ పనివారు తమ చెట్టు రసాన్ని నమ్మారు, మన పనివారు తమ చెట్టు నారను నమ్మారు. ఇద్దరూ తమ తీరంలో దొరికిన దానినే ఎరిగి వాడుకొన్నారు.

ఇక చుట్టింటి సంగతి. గ్రామీణుల నోట అది సుట్టిల్లు. నేల మీద ఒక గుంజ పాతి, దానికి తాడు కట్టి, వలయం గీయడంతో పని మొదలవుతుంది. మట్టిని గోతిలో నానవేసి, వరిగడ్డి కలిపి, కాళ్ళతో తొక్కి ముద్ద చేస్తారు. ఆ ముద్దలతో గోడను వరుసలు వరుసలుగా లేపుతారు. ఒక వరుస ఆరితేగాని రెండవది వేయరు. తొందరపడితే గోడ కిందికి జారుతుంది. చతురస్రపు మట్టి ఇంటికి మొదట పగుళ్ళు వచ్చేది మూలల దగ్గర. చుట్టింటికి మూలలే లేవు.

గోడ మీద నుండి తాటి వాసాలు గొడుగు పుల్లల వలె పైకి లేచి శిఖరాన కలుసుకొంటాయి. ఇల్లు పెద్దదయితే నడుమ నిట్రాట నిలుపుతారు. వాసాలకు అడ్డంగా సన్నని తాటి బద్దలను కడతారు. ఇనుప మేకు వాడకుండా తడిపిన తాటినారతోనే బిగిస్తారు. ఆ కట్టు గాలికి కొద్దిగా కదులుతుంది గాని తెగదు. బిర్రుగా బిగిసి నిలిచిన దానికంటే కొద్దిగా ఊగగలిగినదే ఈ తీరంలో నిలుస్తుంది. బయటి వైపు వాసాలు గోడను దాటి చాలా కిందికి దిగుతాయి. చూరు మనిషి నడుమెత్తుకు, కొన్ని ఇళ్ళలో అంతకంటే తక్కువకు వస్తుంది. లోపలికి పోయే పెద్దమనిషి ఎంతటివాడైనా గుమ్మం దగ్గర తలవంచక తప్పదు. గోడకు, చూరుకు నడుమ ఏర్పడిన వలయాకారపు వసారాలో రోకలి, తిరగలి, వలలు, కోళ్ళ గంపలు, ముసలివారి మంచాలు అన్నీ ఇముడుతాయి. వాన ఎంత ఏటవాలుగా కొట్టినా చూరు దానిని మట్టిగోడ మీద పడనీయదు.

ఈ రూపం అందం కోసం పుట్టినది కాదు. బంగాళాఖాతపు తుపానులు ఈ తీరాన్ని అక్టోబరు, నవంబరు నెలలలో తరచుగా తాకుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద తీరం దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస సమీపంలో, గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగంతో తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. తుపాను కన్ను ఒక గ్రామం మీదుగా సాగితే గాలి మొదట ఒక దిక్కునుండి వీస్తుంది. కొంతసేపు నిశ్శబ్దం. ఆ తరువాత ఎదురు దిక్కునుండి అంతకు తగ్గని బలంతో తిరిగి వస్తుంది. నలుపలకల ఇంటికి గాలికి ఎదురు నిలిచే గోడ ఒకటి తప్పక ఉంటుంది. చుట్టింటికి ముందు వెనుకలు లేవు. ఏ దిక్కు గాలి అయినా గోడను రాచుకొని పక్కలకు జారిపోతుంది. నిటారైన శంఖాకారపు కప్పు మీద గాలి పైకి పీల్చే శక్తి తక్కువ. బల్లపరుపుగా ఉన్న రేకుల కప్పునైతే అదే శక్తి పీకి విసిరివేస్తుంది. చూరు కిందికి గాలి దూరితే ఎంత గట్టి కప్పయినా లేచిపోతుందని ఎరిగినందువల్లనే దానిని అంత కిందికి దింపారు. ఇళ్ళను ఒకదానికొకటి చేరువగా, గుంపుగా కట్టుకోవడంలోనూ ఈ జాగ్రత్త ఉంది. గాలి శాస్త్రాన్ని ఏ కళాశాలలోనూ చదవని వారు ఇంత నిర్దుష్టమైన రూపాన్ని ఎట్లా సాధించారని ఆశ్చర్యపడనక్కరలేదు. నిలవని ఇళ్ళు కూలాయి, నిలిచిన వాటిని చూసి తరువాతివారు కట్టారు.

కప్పు నేత ఒక ప్రత్యేకమైన విద్య. తాటాకును ఈ ప్రాంతంలో కమ్మ అంటారు. కోసిన కమ్మలను నేల మీద పరచి, పైన బరువులు పెట్టి, ఎండబెట్టి చదును చేస్తారు. పచ్చిది కప్పితే ఎండి ముడుచుకొని సందులు పడతాయి. చూరు దగ్గర మొదలుపెట్టి శిఖరం వైపు వరుస మీద వరుస వేసుకుంటూ పోతారు. పై వరుస కింది వరుసను సగానికి పైగా కప్పాలి. శిఖరం దగ్గర నీరు దిగకుండా ముడి వేయడం నేర్చినవాడు ఊరికి ఒక్కడుంటే గొప్ప. అతని పని ఉన్న రోజు ఇంటివారు, ఇరుగుపొరుగువారు కమ్మలు అందించడానికి వచ్చేవారు. నేడు నీ ఇల్లు, రేపు నా ఇల్లు అన్న ఈ బదులుపని వలన కూలి ఖర్చు అంతగా తెలిసేది కాదు. లోపలి పొయ్యి పొగ కప్పుకు పట్టి పురుగును దూరంగా ఉంచేది. అయినా కొన్ని ఏళ్ళకొకసారి పై పొరను మార్చక తప్పదు.

ఇంత చెప్పి, ఈ ఇంటికున్న ప్రధాన దోషాన్ని చెప్పకపోవడం న్యాయం కాదు. అది నిప్పు. వేసవి మధ్యాహ్నం ఒక పొయ్యి నుండి ఎగిరిన రవ్వ ఒక ఇంటిని, ఒక ఇంటి నుండి వీధిని, వీధి నుండి పేటను కాల్చేది. గాలికి రక్షణ అయిన దగ్గరతనమే నిప్పుకు దారి అయింది. కొన్ని చుట్టిళ్ళలో లోపలి గదికి పైన కర్రలు పరచి, మట్టి మెత్తి అటక కట్టడం ఇందుకే. కప్పు కాలిపోయినా ధాన్యం, పెట్టె, పసిబిడ్డల బట్టలు దక్కేవి. ఏడాదిపాటు కూడబెట్టినది ఒక్క పూటలో బూడిద కావడం చూసినవారు పక్కా ఇంటిని కోరుకొంటే తప్పుపట్టగలవారెవరు? 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. ఆ తరువాతి దశాబ్దాలలో వచ్చిన వివిధ పథకాల వలన, 2006లో మొదలైన ఇందిరమ్మ పథకం వలన సిమెంటు ఇళ్ళు పల్లెపల్లెకూ చేరాయి. పూరింటి నుండి డాబాకు మారడం పేదవానికి కేవలం వసతి కాదు, పరువు కూడా. నగరంలో కూర్చొని చుట్టింటి చల్లదనాన్ని పొగిడేవారు ఈ మాటను మరవరాదు.

ఇంటి గోడ దాటి పెరట్లోకి వస్తే తాడిచెట్టు ఉపయోగం ఇంకా సులభంగా తెలుస్తుంది. తాటిమట్ట అంచుల మీద రంపపు పళ్ళ వంటి నల్లని ముళ్ళు ఉంటాయి. ఆ మట్టలను దగ్గరదగ్గరగా పాతి, నడుమ అడ్డబద్ద కట్టి వేసిన దడిని మేక గాని దూడ గాని తోసుకొని రాలేదు. దాని మీదికి చిక్కుడు, ఆనప తీగలు పాకిస్తే కంచె, పందిరి రెండూ ఒక్కటే అవుతాయి. తొలిచిన తాటి దోనె పశువులకు కుడితితొట్టి. అదే ఏతాముల కాలంలో పొలానికి నీటిని పారించిన కాలువ. నిలువునా చీల్చిన దుంగ వాగు మీద వంతెన. చిరిగిన కప్పు నుండి దించిన పాత కమ్మలు కూరపాదుల మొదట్లో పడి మట్టిలో కలిసిపోతాయి. ఇక్కడ వ్యర్థమన్నది దాదాపు లేదు. గట్టు మీది తాడి వరుస వరిచేనుకు నీడ ఎక్కువ చేయదు. సముద్రపు గాలి దూకుడును మాత్రం కొంత విరుస్తుంది. బ్రిటిష్ వారి కాలంలో కాకినాడ రేవు నుండి తాటినార ఐరోపాలోని బ్రష్షుల పరిశ్రమకు కూడా వెళ్ళింది.

తాడి వాడకం తగ్గితే తాడిచెట్లు పెరగాలి కదా అని తోచవచ్చు. జరిగినది అందుకు విరుద్ధం. ఇంటికి పనికిరాదనుకొన్న చెట్టుకు గట్టున చోటు ఉండదు. కల్లుగీత కార్మికుల పిల్లలు చెట్టెక్కే కష్టాన్ని వదలి చదువులకు, పట్టణాలకు పోతున్నారు. ఏ చెట్టు నుండి ఏటేటా ఆదాయం రాదో ఆ చెట్టు ఇటుక బట్టీకి వంటచెరకుగా అమ్ముడవుతుంది. ఒకనాడు ఇంటికి కప్పై నిలిచిన చెట్టు నేడు మరొక ఇంటి ఇటుకలను కాల్చే మంటలో బూడిద అవుతున్నది. కొట్టడానికి ఒక పూట చాలు. మళ్ళీ దూలానికి వచ్చే చెట్టు కావాలంటే అరవై ఏళ్ళు నిరీక్షించాలి. పురుషాయుషంలో ఒక్కసారి మాత్రమే చేయగల తప్పు ఇది.

చెట్టుతో పాటు నేర్పు కూడా పోతున్నది. ఏ మాను దూలానికి ముదిరిందో తట్టి చెప్పే చెవి, శిఖరపు ముడి వేసే చెయ్యి ఏ పుస్తకంలోనూ నమోదు కాలేదు. తెలిసినవారు వృద్ధులయ్యారు. వారి ఇళ్ళలో కూడా చుట్టిల్లు నేడు నివాసం కాదు. పశువుల పాకగానో, వంటసామాను ఉంచే కొట్టంగానో మిగిలింది. గుండ్రని గోడను ఇటుకతో కట్టి, శంఖాకారపు కప్పును మంట అంటని పదార్థంతో వేస్తే పాత ఇంటి గాలితత్త్వం, కొత్త ఇంటి అగ్నిభద్రత రెండూ ఒకచోట చేరతాయి. కట్టడపు విద్యార్థులు ఈ దిశగా ఆలోచించడానికి అవకాశం ఉంది. అయితే దానికి పాత ఇంటిని కూల్చకముందు కొలవాలి. రంపచోడవరం సమీపంలోని పందిరిమామిడి ఉద్యాన పరిశోధనా స్థానంలో తాడి మీద పరిశోధన సాగుతున్నది. అక్కడి శ్రద్ధ ఎక్కువగా నీరా, బెల్లం, పండు మీద ఉన్నది. కలపగా తాడిని చూసే చూపు ఇంకా బలపడవలసి ఉంది.

ప్రజలు మాత్రం పూర్తిగా మరచిపోలేదు. శ్లాబు వేసిన ఇంట్లో ఏప్రిల్ మధ్యాహ్నం ఉండలేక, డాబా మీద నాలుగు కర్రలు నాటి తాటాకు పందిరి వేసుకొంటున్నారు. సిమెంటు కప్పు పగలంతా తాగిన వేడిని రాత్రి ఇంట్లోకి వదులుతుంది. కమ్మల కప్పు దానిని పైనే ఆపుతుంది. పెళ్ళి వచ్చినా, ఊరి చలివేంద్రం పెట్టినా మొదట దించేది తాటాకు బండినే.

భాద్రపదంలో తాటిపండ్లు రాలుతాయి. పీచు చీకిన టెంకలను పెరటిలో గొయ్యి తీసి పాతిపెడతారు. చలికాలం నాటికి వాటి మొలకలు భూమిలోకి దిగి తేగలవుతాయి. వాటిని తవ్వి, కాల్చి, నార తీసి తింటారు. శ్రీకాకుళం సంతలలో కట్టలు కట్టి అమ్ముతారు. పాతిన టెంకలన్నీ తవ్వకానికి దొరకవు. ఒకటో రెండో గట్టు అంచున మిగిలిపోతాయి. మిగిలిన తేగ నుండి వచ్చే మొదటి ఆకు గడ్డిపోచ వలెనే ఉంటుంది. కాండం పైకి లేవడానికే ఎన్నో ఏళ్ళు పడుతుంది. అంతవరకు దానిని ఎవరూ చెట్టుగా గుర్తించరు.